మరణాలకు నిఘంటువు వ్రాసిన విలియం ఫార్

కళాశాలల వార్షిక సంచికలలో చక్రవర్తులను గురించి, కవులను గురించి, దేశనాయకులను గురించి వ్యాసాలు వస్తూనే ఉంటాయి. గుమాస్తాను గురించి వ్రాసేవారు అరుదు. నలభై సంవత్సరాలపాటు ఒకే కార్యాలయంలో కూర్చుండి, దేశం నలుమూలల నుండి వచ్చిన చావుకబుర్లను చదివి, లెక్కించి, వరుసలలో పేర్చిన విలియం ఫార్ ఒక విధంగా గుమాస్తాయే. అయినా పలాసలోనో టెక్కలిలోనో ఈనాడు ఒక రోగి కాగితంపై మధుమేహమని వ్రాసి, దాని ప్రక్కన ఒక ఆంగ్లాక్షరాన్ని, రెండు అంకెలను చేర్చినప్పుడు, ఆ అక్షరానికీ అంకెలకూ మూలపురుషుడెవరని వెదకుతూ పోతే మనం చేరేది ఈ గుమాస్తా బల్ల దగ్గరకే. మూత్రపిండాల వ్యాధితో తల్లడిల్లుతున్న ఉద్దాన గ్రామాలు మన కళాశాలకు దూరంలో లేవు. కనుక ఈ జీవితకథ ఎవరో ఇంగ్లీషువాని కథగా మాత్రమే మన విద్యార్థులకు తోచదని నా నమ్మకం.

ఫార్ 1807 నవంబరు 30వ తేదీన ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, కెన్లీ అనే పల్లెలో జన్మించినాడు. తండ్రి వ్యవసాయ కూలీ. పిల్లవానిని పెద్ద చదువులు చదివించే స్థోమత ఆ ఇంటికి లేదు. డోరింగ్టన్ గ్రామంలోని జోసెఫ్ ప్రైస్ అనే సంపన్న వృద్ధుడు బాలుని చురుకుదనం చూచి చేరదీసినాడు; 1828లో కన్నుమూస్తూ అతని పేర 500 పౌనులు వ్రాసిపోయినాడు. ఆ ధనంతో ఫార్ పారిస్ నగరానికి వెళ్ళి రెండు సంవత్సరాలు వైద్యవిద్య నభ్యసించినాడు. అక్కడ పియెర్ లూయీ అనే వైద్యాచార్యుడు కొత్త మార్గంలో బోధిస్తూ ఉండినాడు. రోగికి నెత్తురు తీసివేస్తే జబ్బు నయమవుతుందని ఆనాటి వైద్యులు గాఢంగా విశ్వసించేవారు. లూయీ వాదానికి దిగలేదు, రోగులను లెక్కించినాడు. లెక్క వైద్యుల విశ్వాసాన్ని సమర్థించలేదు. శాస్త్రవాదాన్ని లెక్కతో తేల్చవచ్చునన్న సంగతి ఫార్ మనస్సులో నాటుకొన్నది అక్కడే.

లండనుకు తిరిగివచ్చి 1832లో అపోతికరీల సంఘం వారి యోగ్యతాపత్రం పొందినాడు. చదువులో ఆయన సంపాదించిన పట్టా అదొక్కటే. వైద్యవృత్తి అంతంతమాత్రంగా సాగినది. పత్రికలకు వ్యాసాలు వ్రాస్తూ కాలక్షేపం చేసినాడు. 1833లో వివాహమాడిన భార్య నాలుగేండ్లకే క్షయవ్యాధితో మరణించినది. ఆ 1837వ సంవత్సరంలోనే మెకల్లక్ అనే పండితుడు ప్రచురించిన గ్రంథానికి జనన మరణాల గణాంకాలపై ఒక ప్రకరణం వ్రాసినాడు. ఆ ప్రకరణమే ఆయనకు పేరు తెచ్చినది.

అదే సంవత్సరం జూలై 1 నుండి ఇంగ్లండులో జనన మరణ వివాహాల నమోదు ప్రభుత్వకార్యమైనది. మరణించినవారి పేరు, వయస్సు, వృత్తులతోపాటు మరణకారణాన్ని కూడా వ్రాయవలెనన్న ఏర్పాటు జరిగినది. కాగితాలు రిజిస్ట్రారు జనరలు కార్యాలయానికి వేలకువేలుగా చేరినవి. వాటిని చదివి సారం తీయడానికి ఒక మనిషి కావలసివచ్చినాడు. 1839లో ఆ ఉద్యోగం ఫార్‌కు లభించినది.

తెలుగు పాఠం చెప్పే నావంటివానికి ఫార్ ఇక్కడే ఆత్మీయుడుగా కనిపిస్తాడు. ఆయన ఎదుర్కొన్న చిక్కు వైద్యానికి చెందినదానికన్నా భాషకు చెందినది. ఒకే జబ్బుకు ఊరికొక పేరు. ఒకే పేరు నాలుగు జబ్బులకు. మొదటిది పర్యాయపదాల బెడద, రెండవది నానార్థాల బెడద. కొందరు జబ్బును విడిచి దాని లక్షణాన్ని వ్రాసేవారు. మరికొందరు మొదటి జబ్బును మరచి చివర వచ్చిన ఉపద్రవాన్ని వ్రాసేవారు. మన ఇండ్లలో మాత్రం జరుగుతున్నదేమిటి? తాతగారికి వచ్చినది ఉర్దూ పంతులుగారి నోట జయాబీతస్, తెలుగు పుస్తకంలో మధుమేహం, వంటింట్లో షుగరు, కొన్ని పల్లెలలో తీపిమూత్రం. నలుగురూ చెప్పినది ఒకే వ్యాధి అని తెలియని లెక్కరి దగ్గర అవి నాలుగు వ్యాధులవుతాయి. అమరసింహుడు పదాలను వర్గాలుగా కూర్చి కోశం రచించినట్లే, ఫార్ మరణకారణాలను వర్గాలుగా కూర్చవలసి వచ్చినది. అమరకోశంలోని మనుష్యవర్గంలో కూడా రోగనామాలున్నవన్న సంగతి మన సంస్కృత విద్యార్థులెరుగుదురు. అయితే అమరకోశంలో ఒక పదం తప్పు వర్గంలో పడితే నష్టం పాండిత్యానికి. ఫార్ పట్టికలో పడితే నష్టం ప్రాణాలకు.

ఆయన కట్టిన వర్గాలలో అంటువ్యాధులు, మహమ్మారులు ఒక గుంపు. శరీరంలోని అంగాలనుబట్టి వచ్చే వ్యాధులు మరొకటి. ప్రమాదాలు, హత్యలు వేరొకటి. కారణం తెలియని మరణాలకు కూడా ఒక వరుస ప్రత్యేకంగా ఉంచినాడు. నా దృష్టిలో ఆ వరుస ఆయన నిజాయితీకి గుర్తు. మనకు మిక్కిలి ఆసక్తి కలిగించే విషయం మరొకటున్నది. ఆయన పట్టికలో మధుమేహం మూత్రావయవాల వ్యాధుల క్రింద, మూత్రపిండాల శోథ ప్రక్కనే కూర్చున్నది. క్లోమంతో మధుమేహానికి గల సంబంధం ఆనాటికి ఎవరికీ తెలియదు. మూత్రం అతిగా పోతుంది, తియ్యగా ఉంటుంది, కనుక అది మూత్రావయవాల జబ్బే అన్నది అప్పటి తర్కం.

మూత్రపిండాల రోగులలో చాలామంది ఆ వరుసలోనికి రానేలేదు. రిచర్డ్ బ్రైట్ అనే వైద్యుడు లండనులోని గైస్ ఆసుపత్రిలో పరిశీలించి, ఒళ్ళు నీరుపట్టి చనిపోయేవారిలో అనేకుల మూత్రపిండాలు చెడి ఉంటాయని 1827లో లోకానికి తెలియజేసినాడు. అయినా ఊళ్ళ నుండి వచ్చే కాగితాలలో నీరుపట్టి పోయినాడన్న మాటే ఉండేది. అది లక్షణం. ఆ నీరు గుండె జబ్బు వలన రావచ్చు, కాలేయం వలన రావచ్చు, మూత్రపిండాల వలన రావచ్చు. ఫార్ తన పట్టికలో బ్రైట్ కనుగొన్న వ్యాధికి వేరే పేరుతో స్థానం కల్పించినాడు. నీరుపట్టడాన్ని స్థానం తేలని వ్యాధులలో వేసినాడు. రెండవ వరుసలోనివారు మొదటి వరుసలోనికి జరగవలెనంటే ఊరి వైద్యుడు మూత్రాన్ని పరీక్షించవలె. పట్టిక ఆ పని తాను చేయలేదు. ఆ పని జరగలేదన్న సంగతిని మాత్రం చూపగలదు.

పేరు పెట్టడం ఎంత ప్రమాదకరమైన పనియో ఆయనకు మొదటి నివేదికతోనే తెలిసివచ్చినది. 1837 ఉత్తరార్ధంలో నమోదైన సుమారు లక్షన్నర మరణాలలో 63 ఆకలిచావులని ఆయన చూపినాడు. బీదల పోషణచట్టాన్ని నడుపుతున్న ఎడ్విన్ చాడ్విక్ మండిపడినాడు. ఆకలిచావులున్నవని ప్రభుత్వ పత్రంలోనే అచ్చుపడితే, బీదలను ఆదుకొంటున్నామనే అధికారుల మాటకు విలువేమున్నది? ఆ మరణాలు వ్యాధుల వలన వచ్చినవని చాడ్విక్ వాదం. ఫార్ వెనుకకు తగ్గలేదు. ఆకలి నేరుగా చంపినవారు 63 మందే కావచ్చు, కాని చాలని తిండి శరీరాన్ని కృశింపజేసి జబ్బుల పాలుచేసి చంపినవారు ఇంకా ఎక్కువమందని ఆయన సమాధానం. ఇద్దరూ అవే కాగితాలను చూచినారు. ఏ పంక్తిలో ఏ మాట వ్రాయవలెనన్నదే తగవు. ఆ తగవు వెనుక ఖజానా ఉన్నది.

ఇక కలరా. ఫార్ జీవితంలో ఇది ప్రధానఘట్టం. ఆయన పొరబడినదీ ఇక్కడే, ఆ పొరబాటు నుండి బయటపడినదీ ఇక్కడే. 1848-49లలో వచ్చిన మహమ్మారి ఇంగ్లండు, వేల్సులలో సుమారు 53 వేలమందిని బలిగొన్నది. ఫార్ మూడేండ్లు శ్రమించి 1852లో బృహన్నివేదిక ప్రచురించినాడు. లండనులో థేమ్సునది మట్టానికి 20 అడుగుల లోపు ఎత్తున ఉన్న పేటలలో పదివేలమందికి 102 మంది, 20 నుండి 40 అడుగుల ఎత్తున 65 మంది, 40 నుండి 60 అడుగుల ఎత్తున 34 మంది చనిపోయినారు. ఎంత చక్కని లెక్క! ఎత్తు పెరిగిన కొలది చావు తగ్గుతున్నది. నది ఒడ్డున క్రుళ్ళిన మురికి నుండి లేచే విషవాయువే కలరాకు మూలమని, మీదికి పోయిన కొలది ఆ వాయువు పలుచబడుతుందని ఆయన నిర్ణయించినాడు. లెక్కలో తప్పు లేదు, నిర్ణయమే తప్పు. పల్లపు పేటలవారు త్రాగే నీరే నదిలోని మురుగు కలిసిన నీరన్న సంగతి ఆ సూత్రంలో మరుగున పడిపోయినది.

జాన్ స్నో అనే వైద్యుడు నీరే కారణమని 1849 నుండి చెబుతూ ఉండినాడు. 1854లో కలరా తిరిగి వచ్చినప్పుడు దక్షిణ లండనులో రెండు కంపెనీలు ఒకే వీధులలో పక్కపక్క ఇండ్లకు నీరు సరఫరా చేస్తున్నవి. లాంబెత్ కంపెనీ తన నీటి మొగను నగరానికి ఎగువకు మార్చుకొన్నది. సదర్క్-వాక్సాల్ కంపెనీ మురుగు కలిసే చోటనే తోడుతున్నది. ఫార్ తన అభిప్రాయం వేరైనప్పటికీ స్నోకు తన లెక్కలను దాచలేదు. పైగా కలరాతో మరణించినవారి ఇంటికి ఏ కంపెనీ నీరు వస్తున్నదో కూడా విచారించి వ్రాయవలసినదిగా రిజిస్ట్రారులను నియోగించినాడు. ఎగువనీరు త్రాగిన పదివేల ఇండ్లకు 37 మరణాలు, మురుగునీరు త్రాగిన పదివేల ఇండ్లకు 315 మరణాలు అని స్నో తేల్చినాడు. అప్పటికీ ఫార్ పూర్తిగా ఒప్పుకోలేదు. స్నో 1858లో చనిపోయినాడు.

1866 వేసవిలో తూర్పు లండను పేటలలో కలరా మళ్ళీ విజృంభించినది. వారం వారం వచ్చే మరణాల పట్టిక ముందుంచుకొని చూడగానే, ఆ పేటలన్నిటికీ నీరిచ్చేది ఈస్టు లండను కంపెనీ ఒక్కటేనని ఫార్ గ్రహించినాడు. కంపెనీవారిని నిలదీసినాడు. వడకట్టని నీటిని ఒక్క చుక్క కూడా వదలలేదని వారి ఇంజనీరు పత్రికాముఖంగా ప్రకటించినాడు. ఇంతలో ఇద్దరు గృహస్థులు తమ ఇంటి నీటిగొట్టాలలో పాముచేపలు దొరికినవని చెప్పినారు! వడపోత ఇసుకలో నుండి పాముచేప ఎట్లా దూరివచ్చినది? విచారణలో ఓల్డ్ ఫోర్డ్ దగ్గరి మూతలేని జలాశయపు నీరు గొట్టాలలోనికి వచ్చినదని బయటపడినది. 1868లో ప్రచురించిన నివేదికలో ఫార్ నీటి వాదాన్ని నిస్సంశయంగా నిలబెట్టినాడు. తాను పదహారేండ్ల క్రిందట గంభీరంగా కట్టిన సూత్రాన్ని తన చేతితోనే ప్రక్కకు నెట్టినాడు. పట్టికలు ఆయనవే, వాటిని చదివే చూపు మారినది.

ఫ్లోరెన్స్ నైటింగేల్ మహిళకు గణాంకాలలో గురుస్థానంలో నిలిచినవాడు కూడా ఫార్‌యే. క్రిమియా యుద్ధంలో శత్రువు తుపాకి కన్నా ఆసుపత్రి మురికి ఎక్కువమంది సైనికులను చంపినదని నిరూపించిన పట్టికల వెనుక ఆయన శ్రమ ఉన్నది. భారతదేశంలోని సైన్యం ఆరోగ్యస్థితిని విచారించడానికి 1859లో ఏర్పడిన రాజ సంఘంలో ఆయన సభ్యుడు. ఇక్కడి తెల్లసైనికులలో ఏటా వెయ్యికి 69 మంది చనిపోతున్నారని 1863లో ఆ సంఘం నివేదించినది.

ఒక దేశపు పట్టిక చాలదని, దేశదేశాల చావులను పోల్చి చూడాలంటే అందరూ ఒకే వరుసలు వాడవలెనని 1853లో బ్రస్సెల్సులో కూడిన అంతర్జాతీయ గణాంక మహాసభ భావించినది. ఫార్‌ను, జెనీవా నివాసి మార్క్ డెస్పీన్‌ను చెరొక పట్టిక వ్రాయమన్నారు. 1855లో పారిస్ సభకు రెండూ వచ్చినవి. పొంతన లేదు. సభవారు రెంటినీ కలిపి 139 వరుసల రాజీ పట్టిక నొకదాన్ని అంగీకరించినారు. దేశాలు దానిని విరివిగా వాడుకొనలేదు. అయినా వ్యాధులను అంగాలనుబట్టి విభజించవలెనన్న ఫార్ పద్ధతి నిలిచిపోయినది.

1879లో రిజిస్ట్రారు జనరలు పదవి ఖాళీ అయినప్పుడు ఫార్‌కే దక్కుతుందని అందరూ భావించినారు. ప్రభుత్వం వేరొక పెద్దింటివానికి ఇచ్చినది. ఆ కార్యాలయానికి కీర్తి తెచ్చిన కూలివాని కొడుకు 1880లో రాజీనామా చేసి ఇంటికి వెళ్ళిపోయినాడు. 1883 ఏప్రిల్ 14న లండనులో కన్నుమూసినాడు. ఆయన నివేదికలలోని ముఖ్యభాగాలను నోయెల్ హంఫ్రీస్ ఒక సంపుటంగా కూర్చి 1885లో వెలువరించినాడు.

పదేండ్ల తరువాత పారిస్ నగర గణాంకాధికారి జాక్ బెర్టియోన్ కొత్త పట్టిక కట్టినాడు. 1893లో చికాగోలో అంతర్జాతీయ గణాంక సంస్థ దానిని ఆమోదించినది. అప్పటి నుండి సవరణల మీద సవరణలు వచ్చినవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1948లో ఆరవ సవరణను చేపట్టి, చావులతోపాటు బ్రతికియున్నవారి జబ్బులను కూడా అందులో చేర్చినది. మధుమేహం మాత్రం ఫార్ కూర్చోబెట్టిన చోట నిలువలేదు. క్లోమం సంగతి, ఇన్సులిన్ సంగతి తెలిసిన తరువాత మూత్రపిండాలతో దానికి ఇరుగుపొరుగు తెగిపోయినది. తొమ్మిదవ సవరణలో దాని సంఖ్య 250. పదవ సవరణలో ఇ అక్షరం క్రింద 10 నుండి 14 వరకు. పెద్దవారిలో సాధారణంగా వచ్చేది ఇ-11. మూత్రపిండాల దీర్ఘవ్యాధి ఎన్-18. మధుమేహం ముదిరి మూత్రపిండాలను చెరిచినప్పుడు ఇ-11 ప్రక్కన చుక్క పెట్టి 2 వేస్తారు. విడిపోయిన ఇరుగుపొరుగులకు ఆ చుక్క వంతెన.

ఆ వంతెన ఉద్దానంలో నడవడం లేదు. ఉద్యానవనమే ఉద్దానమైనదని పెద్దలు చెబుతారు. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాలలో కొబ్బరి, జీడిమామిడి, పనసతోటల నీడలో వేలమందికి మూత్రపిండాలు నెమ్మదిగా కుంచించుకొనిపోతున్నవి. 1990ల నుండి వైద్యులు దీనిని గమనిస్తున్నారు. లోకమంతటా ఈ వ్యాధికి ముఖ్యకారణాలు మధుమేహం, అధిక రక్తపోటు. ఇక్కడి రోగులలో ఎక్కువమందికి ఆ రెండూ లేవు. మూత్రంలో మాంసకృత్తులు కూడా పెద్దగా పోవు. రక్తంలో క్రియాటినిన్ పెరిగేదాకా మనిషికి తెలియదు. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతపు వరిరైతులలో, నికరాగువా, ఎల్ సాల్వడార్ దేశాల చెరకుకూలీలలో ఇటువంటిదే కనిపించినది. ఎండలో ఒళ్ళు నీరు కోల్పోవడమా, నేలనీటిలోని సిలికా వంటి ఖనిజాలా, పురుగుమందులా, వంశపు బలహీనతా అని పరిశోధనలు సాగుతున్నవి. ఒక్క కారణాన్నీ శాస్త్రం స్థిరపరచలేదు.

సంఖ్య వేయవలసినవాని కష్టాన్ని గమనించండి. ఎన్-18 వ్యాధి ఏ దశలో ఉన్నదో చెబుతుంది. ఎందుకు వచ్చినదో చెప్పదు. దానికి తోడు మూలవ్యాధిని కూడా వ్రాయవలె. రోగి ఆలస్యంగా ఆసుపత్రికి వచ్చేసరికి రక్తపోటు పెరిగి ఉంటుంది, ఎందుకంటే చెడిన మూత్రపిండాలే రక్తపోటును పెంచుతాయి. దానినే కారణంగా వ్రాస్తే కార్యం కారణమై కూర్చుంటుంది. రక్తంలో కొద్దిగా చక్కెర కనిపించినదని ఇ-11.2 వేస్తే ఉద్దానపు రోగి దేశంలోని కోట్లాది మధుమేహరోగులలో కలిసిపోతాడు. ఉద్దానమనే సమస్య పట్టికలో కనబడదు. దీనికి మరొక ప్రక్క కూడా ఉన్నది. ఊరందరికీ వచ్చిన జబ్బే ఇదీ అనుకొని, నిజమైన మధుమేహం వలన మూత్రపిండాలు చెడినవానిని ఉద్దానం లెక్కలో వేస్తే, చక్కెరను అదుపు చేసి కాపాడదగిన మనిషి చేజారిపోతాడు. కారణం తెలియనప్పుడు తెలియదని వ్రాయడానికి ఫార్ ఉంచిన వరుస ఎంత అవసరమైనదో ఇక్కడ తెలుస్తుంది.

లెక్కకు వచ్చిన తరువాత ప్రభుత్వం కదిలినది. డయాలిసిస్ కేంద్రాలు వచ్చినవి. డయాలిసిస్ రోగుల పింఛనును 2019లో పదివేల రూపాయలు చేసినారు. హిరమండలం జలాశయం నుండి గొట్టాల ద్వారా ఏడు మండలాలకు త్రాగునీరిచ్చే పథకం, పలాసలో మూత్రపిండాల పరిశోధన కేంద్రం, దానితో 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమైనవి. 1866 నాటి తూర్పు లండను కథ తెలిసినవారు ఆ గొట్టాలలోని నీరు ఏ ఊరికి ఎప్పటి నుండి చేరినదో, ఆ తరువాత కొత్త రోగుల సంఖ్య ఏమైనదో ఊరివారీగా వ్రాసిపెట్టవలెనని కోరుతారు. నీరే కారణమని గాని, కాదని గాని చెప్పడానికి ముందు ఆ పట్టిక కావలె.

1969 నాటి జనన మరణ నమోదు చట్టం ప్రకారం వైద్యుడు ఇచ్చే మరణకారణ ధ్రువపత్రంలో పంక్తులు ఒకదాని క్రింద ఒకటి ఉంటాయి. పై పంక్తిలో చివరగా ప్రాణం తీసినది. దాని క్రింద అది దేనివలన వచ్చినదో. అన్నిటికన్నా క్రింది పంక్తిలో మూలవ్యాధి. లెక్కకు ఎక్కేది సాధారణంగా ఆ అడుగు పంక్తియే. కాని దేశంలో 2020లో నమోదైన మరణాలలో వైద్యుని ధ్రువీకరణ ఉన్నవి 22.5 శాతమే. పెక్కుమంది ఇంట్లోనే కన్నుమూస్తారు. వారి విషయంలో బంధువులు చెప్పిన మాటే ఆధారం; కిడ్నీలు పోయినవనో, ఒళ్ళు నీరుపట్టినదనో చెబుతారు. 1839లో ఫార్ బల్లపైకి వచ్చిన కాగితాలలో ఉన్నదీ ఆ రెండవ మాటే.